బావి దగ్గర అడిగిన నీళ్లు



దాహం వేస్తే ఏం చేస్తాం? నీళ్లు అడుగుతాం. దారిలో ఎవరింటి ముందైనా ఆగి, "అమ్మా, కాసిని మంచినీళ్లు ఇయ్యమ్మా" అంటాం. ఎవరైనా అలా అడిగితే లేవని చెప్పం. చెంబుతో తెచ్చి ఇస్తాం.

కానీ ఒక్కోసారి అడగడానికి నోరు రాదు. ఇవ్వడానికి చెయ్యి రాదు. "వాళ్లు ఎవరో? మనవాళ్లేనా?" అని ఆగిపోతాం. ఒక వాడ వాళ్లు బావిలో చేద వేసి తోడుకుంటుంటే, ఇంకో వాడ ఆడవాళ్లు దూరంగా నిలబడి, ఎవరైనా పోస్తే పట్టుకుపోయిన రోజులున్నాయి. టీ కొట్లో రెండు రకాల గ్లాసులు పెట్టిన రోజులున్నాయి. అవన్నీ పోయాయా? మీ ఊరి సంగతి మీకే తెలుసు.

ఈ పాఠంలో ఒక బావి కథ చదువుదాం. ఇది మన దేశం కథ కాదు. బైబిలులో ఉన్న కథ. మనుషులంతా ఒకటే అని వేమన చెప్పాడు. అన్నమయ్య పాడాడు. ఈ కథ కూడా ఆ మాటే చెబుతుంది. కాబట్టి ఏ మతం వాళ్లయినా చదవవచ్చు.

ముందు ఒక చిన్న లెక్క నేర్చుకుందాం. ఇందులో "క్రీస్తు పూర్వం" అనే మాట వస్తుంది. అంటే ఏసుక్రీస్తు పుట్టకముందు అని అర్థం. ఈ లెక్కలో అంకె ఎంత పెద్దదైతే కాలం అంత పాతది.

1. రాజ్యం రెండయింది

సుమారు మూడు వేల ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు ఇజ్రాయెల్, పాలస్తీనా అని పిలిచే చోట ఇశ్రాయేలీయులు అనే జనం ఉండేవాళ్లు. వాళ్లలో పన్నెండు గోత్రాలు. అందరికీ ఒకే రాజు. ఆయన పేరు సొలొమోను.

సొలొమోను యెరూషలేము పట్నంలో పెద్ద గుడి కట్టించాడు. దానికి ఏడేళ్లు పట్టింది. తన కోసం రాజభవనం కట్టించుకున్నాడు. దానికి పదమూడేళ్లు పట్టింది. మరి రాళ్లు ఎవరు మోశారు? దుంగలు ఎవరు లాగారు? జనమే. వెట్టి చాకిరీ చేశారు. రాజుగారి వంటింటికి తిండి సామాను కూడా జనమే పంపాలి. నెలకొక ప్రాంతం వాళ్ల వంతు.

సొలొమోను చనిపోయాడు. కొడుకు రెహబాము గద్దె ఎక్కాడు. అది క్రీస్తు పూర్వం సుమారు 930వ సంవత్సరం. ఉత్తరాది జనం షెకెము అనే ఊళ్లో కొత్త రాజును కలిశారు. బరువు కాస్త తగ్గిస్తే చాలు, నీ మాట వింటామని చెప్పుకున్నారు.

రాజు మూడు రోజులు గడువు అడిగాడు. ముందు పెద్దవాళ్లను పిలిచి సలహా అడిగాడు. జనంతో మంచిగా మాట్లాడమని వాళ్లు చెప్పారు. తర్వాత తనతో పెరిగిన కుర్రవాళ్లను అడిగాడు. మెత్తగా ఉండవద్దని వాళ్లు చెప్పారు. రాజుకు కుర్రవాళ్ల మాటే నచ్చింది. బరువు తగ్గించేది లేదు, ఇంకా పెంచుతానని జనానికి చెప్పేశాడు.

జనం మండిపడ్డారు. పది గోత్రాలు విడిపోయాయి. యరొబాము అనే ఆయన్ను తమ రాజుగా పెట్టుకున్నాయి. ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యం, దక్షిణాన యూదా రాజ్యం ఏర్పడ్డాయి. కొంతకాలానికి ఉత్తర రాజ్యానికి సమరయ అనే పట్నం రాజధాని అయింది. దక్షిణానికి యెరూషలేమే రాజధాని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ గొడవ దేని గురించి వచ్చింది? దేవుడి గురించా? పుట్టుక గురించా? కాదు. వెట్టి చాకిరీ గురించి. పైవాడు కిందివాళ్ల మాట వినకపోవడం గురించి. జనం అడిగింది న్యాయమే.

2. గుడి కూడా రెండయింది

యరొబాముకు రాజ్యం వచ్చింది. దాంతోపాటు భయం కూడా వచ్చింది. గుడి చూస్తే యెరూషలేములో ఉంది. తన జనం మొక్కులకు, పండగలకు అక్కడికే పోవాలి. అలా పోయి వస్తూ ఉంటే వాళ్ల మనసు మళ్లీ పాత రాజు వైపు తిరుగుతుందేమో! తన ప్రాణానికే ముప్పు వస్తుందేమో!

అందుకని ఆయన ఒక ఉపాయం చేశాడు. రెండు బంగారు దూడలు చేయించాడు. ఒకటి బేతేలులో పెట్టాడు. రెండోది దాను అనే ఊళ్లో పెట్టాడు. అంత దూరం మీకెందుకు శ్రమ, ఇక్కడే మొక్కుకోండని చెప్పాడు. వేరే పూజారులను పెట్టాడు. వేరే పండగ రోజు పెట్టాడు.

జనం శ్రమ తగ్గించడానికే ఇదంతా చేశాడా? ఆయన మనసులోని భయం ఏమిటో బైబిలే చెబుతుంది. గద్దె పోతుందనే భయం. గద్దె కాపాడుకోవడానికి పూజను వాడుకున్నాడు.

మొదట రాజకీయం విడిపోయింది. తర్వాత పూజ విడిపోయింది. ఇక మనసులు విడిపోవడం ఎంతసేపు?

3. "వాళ్లు" వేరు, "మనం" వేరు

క్రీస్తు పూర్వం 722 ప్రాంతంలో అష్షూరు అనే పెద్ద రాజ్యం సమరయను గెలిచింది. అక్కడి వాళ్లను చాలామందిని చెరపట్టుకుపోయింది. వేరే దేశాల నుంచి జనాన్ని తెచ్చి అక్కడ కాపురం పెట్టించింది.

అప్పటి నుంచి దక్షిణాది వాళ్లకు ఒక మాట దొరికింది. "సమరయ వాళ్లది కలిసిపోయిన పుట్టుక. వాళ్ల పూజ అసలు పూజే కాదు" అనడం మొదలైంది. సమరయ వాళ్లు ఒప్పుకోలేదు. "మేము ఈ నేల మీది పాత జనమే. అసలు ధర్మం మా దగ్గరే ఉంది" అన్నారు.

తర్వాత దక్షిణాది వాళ్లకూ కష్టం వచ్చింది. క్రీస్తు పూర్వం 586 ప్రాంతంలో బబులోను రాజు యెరూషలేమును పడగొట్టాడు. గుడిని తగలబెట్టాడు. జనాన్ని చెరపట్టుకుపోయాడు. సుమారు యాభై ఏళ్ల తర్వాత వాళ్లు తిరిగి వచ్చి గుడి మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. ఉత్తరాన ఉన్న పొరుగువాళ్లు వచ్చి, మేమూ ఒక చెయ్యి వేస్తామన్నారు. మీ సాయం మాకు వద్దన్నారు వీళ్లు. ఆ అవమానంతో వాళ్లు ఆ పనికి అడ్డం పడ్డారు.

కాలక్రమాన సమరయులు గెరిజీము అనే కొండ మీద తమ గుడి కట్టుకున్నారు. క్రీస్తు పూర్వం 110 ప్రాంతంలో హిర్కానస్ అనే యూదుల పాలకుడు ఆ గుడిని పడగొట్టించాడు. ఆ మంట ఇక ఆరలేదు.

ఒకటి గమనించారా? రెండు వైపుల వాళ్లకూ మోషే ధర్మశాస్త్రం ఒక్కటే. మూల పురుషులు ఒక్కరే. అయినా ఒకరి ముంతలో నీళ్లు ఒకరు తాగరు.  తొమ్మిది వందల ఏళ్ల కిందట వెట్టి దగ్గర మొదలైన తగువు, చివరికి మంచినీళ్ల ముంత దగ్గరికి వచ్చింది.

4. మధ్యాహ్నం వేళ బావి దగ్గర

ఇక మన కథకు వద్దాం.

ఏసు యూదుడు. ఒకసారి ఆయన దక్షిణం నుంచి ఉత్తరానికి, గలిలయకు నడిచి పోతున్నాడు. మధ్యలో సమరయ ఉంది. సుఖారు అనే ఊరి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. ఎండ మండుతోంది. అక్కడ ఒక పాత బావి ఉంది. దాన్ని యాకోబు బావి అంటారు. ఏసు అలసిపోయి బావి దగ్గర కూర్చున్నాడు. శిష్యులు తిండి కొనడానికి ఊళ్లోకి పోయారు.

బావి చూస్తే లోతు. ఆయన దగ్గర తాడు లేదు, చేద లేదు.

అప్పుడు ఒక సమరయ స్త్రీ కుండ పట్టుకుని వచ్చింది. ఒంటరిగా వచ్చింది. ఏసు ఆమెను నీళ్లు అడిగాడు.

ఆమె ఆశ్చర్యపోయింది. యూదుడు సమరయ మనిషిని నీళ్లు అడగడమేమిటి? అందులోనూ మగవాడు, ముక్కు మొహం తెలియని ఆడమనిషిని అడగడమేమిటి? ఆ మాట ఆమె ఆయన మొహం మీదే అడిగేసింది.

ఇక్కడ ఏసు ఇచ్చేవాడుగా రాలేదు. అడిగేవాడుగా వచ్చాడు. అక్కలారా, ఇది చిన్న సంగతి కాదు. ఇవ్వడం కొంత తేలిక. పైనుంచి పోస్తే సరిపోతుంది. ముట్టుకోకుండా కూడా పోయవచ్చు. కానీ "నీ కుండలో నీళ్లు నాకు పొయ్యి" అని అడగాలంటే, ఆ కుండ శుభ్రమైందని ఒప్పుకోవాలి. ఆ మనిషి తనతో సమానమని ఒప్పుకోవాలి.

వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమె ధైర్యంగా పాత తగువు కూడా ఎత్తింది. పూజ చేయాల్సింది ఈ కొండ మీదా, యెరూషలేములోనా అని అడిగింది. తనకు తెలిసింది ఏసు దాచలేదు. యూదుడిగా తన మాట తాను చెప్పాడు. అయితే ఈ కొండ, ఆ పట్నం అనే లెక్క పోయే కాలం వస్తుందని, పూజకు చోటు కాదు, నిజమైన మనసు కావాలని చెప్పాడు.

శిష్యులు తిరిగి వచ్చి చూసి నివ్వెరపోయారు. ఆయన ఒక ఆడమనిషితో మాట్లాడుతున్నాడే అని! ఆమె కుండను అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది. జనాన్ని పిలుచుకొచ్చింది. ఊరివాళ్లు ఏసును ఉండిపొమ్మన్నారు. ఆయన రెండు రోజులు ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఉన్నాడంటే వాళ్ల ఇంట పడుకున్నట్టు, వాళ్ల తిండి తిన్నట్టే కదా!

ఆమె గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. ఆమెకు ఐదుగురు భర్తలు అయ్యారని కథలో ఉంది. ఇప్పుడు ఉన్నవాడు భర్త కాడని కూడా ఉంది. అందుకని చాలామంది ఆమెను చెడ్డదని చెబుతారు. కానీ ఆ భర్తలు చనిపోయారా, వదిలేశారా, కథలో చెప్పలేదు. ఆ కాలంలో విడాకులు ఇచ్చేది సాధారణంగా మగవాడే. ఏసు ఆమె సంగతి తెలిసే మాట్లాడాడు. ఆమెను తిట్టలేదు. మన ఊళ్లో ఒంటరి ఆడదాని గురించి మనం ఎన్ని మాటలు అంటాం? అది కూడా గోడ కట్టడమే.

5. దెబ్బలు తిన్న మనిషి

ఇంకో రెండు చిన్న సంగతులు.

ఒకసారి సమరయుల ఊరు ఒకటి ఏసుకు చోటు ఇవ్వలేదు. ఆయన యెరూషలేముకు పోతున్నాడు కాబట్టి రానివ్వలేదు. చూశారా, ద్వేషం ఒక వైపే లేదు. శిష్యుల్లో ఇద్దరికి కోపం వచ్చింది. ఆకాశం నుంచి నిప్పు రప్పించి ఆ ఊరిని కాల్చేద్దామా అన్నారు. ఏసు వాళ్లనే మందలించాడు. మారు మాట లేకుండా ఇంకో ఊరికి నడిచిపోయాడు.

రెండోది. ధర్మశాస్త్రం చదువుకున్న ఒకాయన, తన పొరుగువాడు ఎవరని ఏసును అడిగాడు. దానికి ఏసు ఒక కథ చెప్పాడు. ఒక మనిషి యెరూషలేము నుంచి యెరికోకు పోతుంటే దొంగలు కొట్టి, బట్టలు లాక్కుని, కొన ఊపిరితో వదిలేశారు. ఒక యాజకుడు చూసి పక్కనుంచి పోయాడు. గుడి పని చేసే లేవీయుడు ఒకడు చూసి అలాగే పోయాడు. మూడోవాడు సమరయుడు. అతను ఆగాడు. గాయాలకు నూనె, ద్రాక్షసారా పోసి కట్టు కట్టాడు. తన జంతువు మీద ఎక్కించుకుని సత్రానికి తీసుకుపోయాడు. రాత్రంతా చూసుకున్నాడు. పొద్దున్నే సత్రం వాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. ఒక దేనారం అంటే అప్పట్లో కూలి మనిషికి ఒక రోజు కూలి. ఇంకా ఖర్చయితే తిరుగు దారిలో ఇస్తానన్నాడు.

ఈ ముగ్గురిలో పొరుగువాడు ఎవరని ఏసు అడిగాడు. ఆ చదువుకున్నాయన "సమరయుడు" అనే పేరు పలకలేదు. జాలి చూపినవాడని మాత్రం చెప్పాడు. పేరు పలకడానికే నోరు రానంతగా ద్వేషం పాతుకుపోయిందని చాలామంది అంటారు.

6. మన ఊరికి వద్దాం

ఒక ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘం ఉందనుకోండి. పదిహేను మంది సభ్యులు. నెలనెలా డబ్బు కడతారు. ఒకరికి బిడ్డ పెళ్లికి అప్పు ఇచ్చారు. ఒకరికి గేదె కొనడానికి ఇచ్చారు. అందరూ సక్రమంగా తీరుస్తున్నారు.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులు ఉండవు. అయినా ఊరు రెండు వర్గాలయింది. ఒక వర్గం నాయకుడు వచ్చి, "ఆ వాడ వాళ్లను నమ్మొద్దు. మీ డబ్బు తినేస్తారు" అన్నాడు. రెండో వర్గం నాయకుడు ఇటు వచ్చి అదే మాట అన్నాడు. ఎన్నికలు అయిపోయాయి. ఒకాయన గెలిచాడు. ఒకాయన ఓడాడు. వాళ్లిద్దరూ ఒకే పెళ్లిలో పక్క పక్కన కూర్చుని భోంచేశారు. సంఘం మాత్రం మళ్లీ కూర్చోలేదు.

అప్పుడు ఒకామె ఏం చేయాలి? ఎదురు వాడకు పోయి, "వదినా, దాహంగా ఉంది, కాసిని నీళ్లియ్యి" అనాలి. అక్కడే తాగాలి. తాగి, "వచ్చే వారం మీటింగు మీ అరుగు మీద పెట్టుకుందామా?" అని అడగాలి. మొదట ఆమెకు వాళ్ల వైపు నుంచీ మాట పడుతుంది. మన వైపు నుంచీ మాట పడుతుంది. అయినా ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా!

కలిసి ఉండటమంటే అందరూ ఒకరికే ఓటు వేయడం కాదు. ఎవరి ఓటు వారిది. కలిసి ఉండటమంటే అన్యాయం భరించడం కూడా కాదు. వెట్టి తగ్గించమని అడిగిన జనం తప్పు చేయలేదు. మన తగువు అన్యాయంతో ఉండాలి, పక్కింటి మనిషి పుట్టుకతో కాదు.

7. చట్టం ఏం చెబుతోంది?

బావి దగ్గర మనిషిని ఆపడం ఒక్క చెడ్డ అలవాటే కాదు. నేరం. మన రాజ్యాంగం 1950 జనవరి 26 నుంచి అమలులో ఉంది. దాని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు అందరివీ. మతం పేరుతో, కులం పేరుతో, ఆడ మగ అనే తేడాతో ఎవరినీ ఆపకూడదు. షెడ్యూల్డు కులాల, తెగల వారిపై అత్యాచారాలు ఆపడానికి 1989లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది.

అయితే చట్టం బావి దగ్గర అడ్డు తీయగలదు. "వదినా, నీళ్లియ్యి" అనే మాట మన నోటినుంచే రావాలి.

సమరయులు ఈనాటికీ ఉన్నారు. వెయ్యి మందికి లోపే మిగిలారు. కొందరు గెరిజీము కొండ మీద, కొందరు ఇజ్రాయెల్‌లోని హోలోన్ పట్టణంలో ఉంటారు. కొండ కింద నాబ్లస్ పట్టణంలో యాకోబు బావి అని చూపించే బావి ఇంకా ఉంది. వంద అడుగులకు పైగా లోతు. అందులో నీళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. రెహబాము ఎవరి సలహా విన్నాడు? వేరే సలహా వింటే ఏమయ్యేది?
2. యరొబాము బంగారు దూడలు ఎందుకు పెట్టాడు? ఇలాంటి పని చేసే నాయకులను మీరు చూశారా?
3. నీళ్లు ఇవ్వడానికీ, నీళ్లు అడగడానికీ తేడా ఏమిటి?
4. "వాళ్లు అలాంటివాళ్లు" అని ఎవరైనా అంటే ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట ఎప్పుడు మొదలైంది? దీనివల్ల లాభం ఎవరికి? వాళ్లలో ఒక్కరైనా నాకు దగ్గరగా తెలుసా?

కొత్త మాటలు

వెట్టి: కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించే పని.
చెర: బందీగా పట్టుకుపోవడం.
యాజకుడు: యూదుల గుడిలో పూజారి.
అధికరణం: రాజ్యాంగంలో ఒక అంశం. ప్రతి దానికి ఒక అంకె ఉంటుంది.

ఈ వారం పని

మీరు ఎప్పుడూ నీళ్లు తాగని ఇల్లు మీ ఊళ్లో ఏది? ఆ ఇంటికి పోండి. నీళ్లు అడిగి తాగండి. కాసేపు కూర్చుని మాట్లాడండి. ఆమె పేరు, ఆమె చెప్పిన ఒక్క మాట మీ నోటు పుస్తకంలో మీ చేత్తో రాసుకోండి. వచ్చే వారం అందరి ముందు చదవండి.